ధనిష్ఠలో మూసిన ఇల్లు

మెట్టుగూడలో మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు ఒకటే మాట అనేవాళ్లు: ఇదేం ఇల్లండీ, ఎటు పోవాలన్నా మధ్యగదిలోంచే పోవాలి! నిజమే. వంటింట్లోకి పోవాలన్నా, వెనకాల బాత్రూముకి పోవాలన్నా, డాబా మెట్లెక్కాలన్నా నడిమింట్లోంచే దారి. నాన్న రైల్వేలో పనిచేస్తూ, చేతిలో నాలుగు రాళ్లు పడ్డప్పుడల్లా ఒక గది చొప్పున కట్టుకుంటూ పోయిన ఇల్లు అది. ప్లాను అంటూ ఏమీ లేదు. వాస్తు బాలేదని నాయనమ్మ ఒక తలుపు మూయిస్తే, పొగ పోవడం లేదని అమ్మ ఇంకో తలుపు పెట్టించింది. చివరికి తలుపులన్నీ ఆ ఒక్క గదిలోకే తేలాయి. ఆ గదిలో కిటికీ పక్కన నాన్న మంచం ఉండేది.

ఆ మంచం మీదే నాన్న పోయాడు. మా తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

నేను తార్నాక వైపు ఒక స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకి ఇంతవరకూ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. అమ్మానాన్నలతోనే ఉండేదాన్ని. మా అన్న భార్యాపిల్లలతో తిరుమలగిరిలో ఒక ఫ్లాటులో ఉంటాడు. కార్తీకం వెళ్లిపోయిన కొత్తలో ఒక సాయంత్రం, ఆఫీసులో బీరువాకి తాళం వేస్తుండగా అమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఏ తొందరా లేదు. "జెర జల్దీ రా బిడ్డా. మీ నాయిన లేస్తలేడు" అంది.

నేను వచ్చేసరికి గల్లీ గల్లీ అంతా మా ఇంట్లోనే ఉంది. నాన్నను కిందికి దించి చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. కాలి బొటనవేళ్లు కలిపి కట్టేశారు. అమ్మను ఎవరో వంటింటి గుమ్మం పక్కన మూలకు కూర్చోబెట్టి, చుట్టూ నలుగురు ఆడవాళ్లు మూగారు. ఆమె ఏడవడం లేదు. వాళ్లే "ఏడువమ్మా, ఏడిస్తేనే మంచిగుంటది" అని బలవంతం చేస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది కానీ, ఆ సమయంలో ఎవరిని ఏమనగలం?

గల్లీ చివరి క్లినిక్ డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకు చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఎప్పుడు పోయాడని ఆయన అడగలేదు. అడిగింది పంతులుగారు. అన్న వెంట బండి మీద వచ్చారాయన. చాయ్ పెట్టుకొని వచ్చి లేపాననీ, లేవలేదనీ అమ్మ చెప్పింది. అంటే సాయంత్రం నాలుగు దాటాక. పంతులుగారు ఫోనులో పంచాంగం తెరిచి, వేలితో పైకీ కిందికీ జరిపి, అన్న వైపు చూశారు.

"శ్రవణం వెళ్లిపోయింది నాయనా. ధనిష్ఠ వచ్చేసింది."

తెలియనివాళ్ల కోసం చెబుతాను. కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఆ ఇల్లు విడిచిపెట్టాలి. అందులో ధనిష్ఠ మరీ గట్టిది. ఆరునెలలు ఇల్లు మూసెయ్యాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు, చీపురు ముట్టకూడదు. కాదని ఉంటే, ఆ ఇంట్లోంచే ఇంకొకరు పోతారని నమ్మకం. ఇల్లు పెద్దదయితే మనిషి పోయిన గది ఒక్కటీ మూసి, మిగతా ఇంట్లో కాలం వెళ్లదీస్తారు. మా ఇంట్లో ఆ గది మూస్తే ఇంక మిగిలేది వరండా, గేటు.

నేనేమీ నాస్తికురాలిని కాను. ఫ్రిజ్ కొనడానికి కూడా వర్జ్యం చూసుకొని బయల్దేరే మనిషిని. అయినా ఆ పూట పంతులుగారితో గొడవ పెట్టుకున్నాను. శాంతి ఏదో చేసి వదిలెయ్యండి, అమ్మ ఈ వయసులో ఎక్కడికి పోతుంది అన్నాను. ఆయన పాపం మెత్తటి మనిషి, అన్న వైపు చూశారు. అన్న ముఖం అప్పటికే పాలిపోయింది. మా వదిన పుట్టింట్లో ఒకసారి ఇలాగే పట్టించుకోకుండా అదే ఇంట్లో ఉండిపోయారు. ఏడాది తిరక్కుండా వదిన తమ్ముడు బండి మీద పోతూ లారీ కింద పడ్డాడు. ఆ పిల్లవాడి శవాన్ని అన్నే మోశాడు. అందుకని అన్న భయాన్ని నేను వెక్కిరించను. అది పుస్తకాల్లోంచి వచ్చిన భయం కాదు.

నన్ను ఆశ్చర్యపరిచింది అమ్మ. చీపురుపుల్ల దగ్గర కూడా వెనక్కి తగ్గే మనిషి కాదు. నల్లా నీళ్ల దగ్గర గల్లీ మొత్తాన్ని ఒంటిచేత్తో గెలిచిన మనిషి. తన ఇల్లు మూసేస్తామంటే నోరెత్తలేదు. మూలన కూర్చొని పంతులుగారి చేతిలో ఫోను వైపు చూస్తూ ఉండిపోయింది. దుఃఖంలో ఉంది, ఏమీ ఎక్కడం లేదనుకున్నాను.

కర్మ అయిపోయాక ఇల్లు మూశాం. నడిమింట్లో ఒక గిన్నెడు నీళ్లు పెట్టి, తలుపులన్నీ వేసి, వెనక్కి చూడకుండా బయటికి రమ్మన్నారు. అన్న తిరుమలగిరిలో మిలిటరీవాళ్ల ఖాళీ జాగా పక్కనుంచి తుమ్మకంప కొట్టుకొచ్చాడు. గేటుకి తాళం వేసి, ఆ కంప అడ్డంగా కట్టేశాడు. ముళ్లు గుచ్చుకొని చేతులు రక్తాలయ్యాయి. మేము చూడకూడదని అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంక అద్దె ఇంటి వేట. అన్న తన ఫ్లాటుకు రమ్మన్నాడు. అక్కడ వదిన తల్లిదండ్రులు కూడా ఉంటున్నారు, రెండే పడకగదులు. అమ్మ రానంది. చుట్టుపక్కల టు-లెట్ బోర్డు కనబడిన ప్రతి గేటూ తట్టాను. మా గల్లీ పేరు చెప్పగానే "ఆ ధనిష్ఠ ఇంటోళ్లా" అని లోపలికి పోయి, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామని చెప్పేవాళ్లు. బోర్డు మాత్రం అక్కడే వేలాడుతుండేది. ఎంత కడుపు మండేదో! పుట్టి పెరిగిన చోట, ముఖం తెలిసినవాళ్లే గేటు అవతలనుంచే మాట్లాడి పంపేవాళ్లు.

చివరికి ఎదురింటి టీచరమ్మ చూసిపెట్టింది. గుంటూరు వైపునుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. ఆమెకు మా నక్షత్రాల సంగతి ఎంత చెప్పినా తలకెక్కలేదు. మనిషి పోయి ఏడుస్తున్నవాళ్ల దగ్గర ఇల్లు కూడా లాక్కుంటారా అని మా పంతులుగారి మీద ఆమెకి పీకల్దాకా కోపం. వాళ్ల చర్చికి వచ్చేవాళ్లది సీతాఫల్‌మండి వైపు ఒక ఇల్లు ఉంది. దాని డాబా మీద రేకుల గది ఖాళీగా ఉందని తానే దగ్గరుండి మాట్లాడి ఇప్పించింది. ఇంటివాళ్లు మంచివాళ్లే. గది మాత్రం రేకులది, పైన. అమ్మ మోకాళ్లకి ఆ మెట్లు నరకం.

చలికాలమంతా ఎలాగో గడిచింది. డాబా పిట్టగోడ దగ్గర నిలబడితే, రైలు పట్టాల ఇవతల ఇళ్ల మధ్యన మా ఇంటి నీళ్ల ట్యాంకు, దాని పక్కన జామచెట్టు కొస కనిపించేవి. అమ్మ రోజూ సాయంత్రం కుర్చీ అక్కడికి లాక్కొని కూర్చునేది. ఏం చూస్తున్నావమ్మా అంటే, ట్యాంకు మూత గాలికి ఎగిరిపోయింది, పావురాలు పడి చస్తాయి అనేది. రాత్రి అన్నం తినేటప్పుడు మళ్లీ ఆ మూత గురించే. నేను విసుక్కునేదాన్ని.

ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మెట్రో మెట్లు దిగి, దూరమైనా మా గల్లీలోంచే వచ్చేదాన్ని. మూసిన ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో చూడనివాళ్లకి తెలియదు. గేటు ముందు ఎవడో ఆటో పెట్టడం మొదలుపెట్టాడు. పక్కింటి వాళ్ల చెత్త సంచులు మా గోడ మీదుగా లోపలికి పడుతున్నాయి. వరండాలో కుక్క ఈనింది. సాయంత్రాలు మా ఇంటి ముందు గద్దె మీద కూర్చొని ఊరి కబుర్లన్నీ చెప్పుకున్న ఆడవాళ్లు ఇప్పుడు ఆ గోడ వైపు నడవడమే మానేసి, అవతలి పక్కనుంచి పోతున్నారు. పిల్లల బంతి లోపల పడితే కొత్త బంతి కొనుక్కుంటున్నారు తప్ప లోపలికి దిగడం లేదు. ఇల్లు ఖాళీయే కదా, డెవలప్‌మెంటుకి ఇస్తారా అని ఒక బిల్డర్ మనిషి నన్ను కిరాణా కొట్టు దగ్గర పట్టుకున్నాడు. ఇవేవీ అమ్మకి చెప్పేదాన్ని కాదు. దారిలో ఏం చూశావని అడిగేది. ఏముంటుంది, ట్రాఫిక్ అనేదాన్ని.

ఎండలు ముదిరాయి. రేకుల కింద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అమ్మకి తిండి సయించడం మానేసింది. నాలుగు అడుగులేస్తే ఆయాసం. ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. గుమ్మానికి తడిబట్ట వేలాడదీసి, ఇద్దరం నేల మీద కూర్చొని కొత్త చింతపండు గింజలు తీస్తున్నాం. ఉన్నట్టుండి అమ్మ, చేతిలో పని ఆపకుండానే, అసలు సంగతి చెప్పింది. నాన్న పోయింది చాయ్ వేళకి కాదట. అన్నం తిని, మాత్ర వేసుకొని మంచమెక్కిన కాసేపటికే పోయాడట.

మరి నాకు ఫోన్ ఎందుకు చెయ్యలేదు అన్నాను.

"చేస్తే వస్తరు గద," అంది అమ్మ. "మీరొస్తరు, గల్లీ మొత్తం వస్తది. మనిషిని మంచం మీదికెల్లి కిందికి దించుతరు. కాలి ఏళ్లు కడ్తరు. నన్ను మూలకు కూసోవెడ్తరు. గందుకనే తలుపేసుకొని ఆయన పక్కన కూసున్న. పెండ్లయి వచ్చినకాడికెల్లి ఆ ఇంట్ల మేమిద్దరమే ఉన్న పూట ఒక్కటి లేదు బిడ్డా. అత్త, మరుదులు, మీరు, వచ్చేటోళ్లు, పొయ్యేటోళ్లు. నడిమిల్లాయె. ఆ ఒక్క పూట ఎవ్వరు రాలే."

నాకు గుర్తున్నంతవరకూ వాళ్లిద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చోగా చూసింది పెళ్లిళ్ల ఫొటోల్లోనే. నాన్న మంచం మీద, అమ్మ వంటింట్లో. మధ్యలో మేమందరం అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాళ్లం.

ఆ తర్వాతే నా బుర్ర పనిచేసింది. చేతులు కడుక్కొని ఫోను తీసి ఆ రోజు పంచాంగం వెతికాను. మధ్యాహ్నమంతా శ్రవణమే ఉంది. మూడు దాటాకే ధనిష్ఠ వచ్చింది. అంటే నాన్న పోయినప్పుడు ఏ దోషమూ లేదు. ఇల్లు మూయాల్సిన పనే లేదు. ఈ రేకులు, ఈ మెట్లు, ఆ ముళ్లకంప, గేటు గేటు తిరిగి పడ్డ మాటలు, ఇదంతా ఉత్త పుణ్యానికి పడ్డ తిప్పలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడే అన్నకి చెప్తాను, రేపే పోయి తాళం తీద్దామని లేచాను.

అమ్మ నా చీర కుచ్చెళ్లు పట్టుకొని కూర్చోబెట్టింది. నాకు తెల్వదా అంది. పంతులు నోట్లోంచి ధనిష్ఠ మాట వచ్చినప్పుడే ఆమెకి తెలుసట. మరి అప్పుడే ఎందుకు నోరు విప్పలేదని అరిచాను. నిజంగానే అరిచాను, కింద ఇంటివాళ్లు విన్నా సరే అనుకున్నాను.

"మీ అన్న ఊకుంటడా? పోయిండని నీకెట్ల తెలుసు అంటడు. అప్పుడే అంబులెన్స్ పిలుస్తే నాయిన బతుకుతుండె గావచ్చు అంటడు."

కాసేపు గింజ మీద గింజ తీసింది.

"గట్ల అడిగితే నాతాన జవాబు లేదు బిడ్డా. ఊపిరి లేదనే అనుకున్న. చెయ్యి సుత చల్లగనే ఉండె. కని నేనేమన్న డాక్టర్నా?"

నిజం చెప్పాలంటే అదే ప్రశ్న అప్పటికే నా లోపల కూడా లేచింది. నోటిదాకా వచ్చినదాన్ని మింగేశాను. అమ్మ నా ముఖంలో చూసే ఉంటుంది. అన్నతో చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నానంటే, మా అన్న వారఫలాలు తప్ప ఇంకేమీ చదవడన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

ఆ తర్వాత వారంలోనే అమ్మ మెట్ల మీద కూలబడింది. ఆసుపత్రిలో చేర్చాం. అన్న రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి, ఆమె కాళ్లు పడుతూ కూర్చునేవాడు. గుండె బాగా బలహీనపడిందనీ, చెయ్యగలిగింది పెద్దగా లేదనీ, ఇంటికి తీసుకెళ్లి ప్రశాంతంగా ఉంచమనీ డాక్టరు చెప్పారు. ఇల్లు అన్న మాట వినగానే నేనూ అన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం. అన్న బయటికి పోయాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రేకుల కిందికి నన్ను తీస్కపోకు. నా ఇంటికి తీస్కపో."

అన్నకి చెప్పనా, ఒక్క మాట చెబితే అన్నీ తేలిపోతాయి కదా అని అడిగాను. వద్దని తలాడించింది. ఇల్లు కావాలి, మాట బయటికి రాకూడదు. రెండూ కావాలి ఆమెకి. మొండితనం మా వంశంలో ఎవరి నుంచి వచ్చిందో నాకు ఆ రోజు బాగా తెలిసింది.

అమ్మను మన ఇంటికే తీసుకెళ్దామా అని అన్నని ఊరికే అడిగి చూశాను. ఇంకెంతో లేదు, నెల పైచిలుకు ఆగితే గడువు అయిపోతుంది, అప్పటిదాకా మా ఫ్లాటులో ఉంచుకుంటా, మంచం కూడా వేసి పెట్టానన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఆయనకి తెలిసినదాన్ని బట్టి అదే సరైన మాట. కానీ అమ్మకి నెల పైచిలుకు ఉందని డాక్టరు చెప్పలేదు.

మర్నాడు పొద్దున నేనే పోయి ఇల్లు తెరిచాను. టీచరమ్మ తోడు వచ్చింది. పెద్ద కర్రతో ముళ్లకంప లాగి పక్కన పారేశాం. తాళం తుప్పు పట్టి ఎంతకీ రాలేదు. ఆమె ఇంట్లోంచి కొబ్బరినూనె తెచ్చి పోస్తే వచ్చింది. లోపల ఒకటే ముక్కిన వాసన. బల్లులు, దుమ్ము, కిటికీ సందులోంచి వచ్చిపడ్డ జామాకులు. గిన్నెలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. ఇద్దరం కొంగులు బిగించి ఊడ్చాం, కడిగాం, మంచం మీద కొత్త దుప్పటి వేశాం. వీధిలో జనం దూరంగా నిలబడి చూశారు. ఒక్కరు కూడా ఏంటని అడగలేదు, ఒక్కరు కూడా చెయ్యి వెయ్యలేదు.

మధ్యాహ్నానికి ఆటోలో అమ్మను తీసుకొచ్చాను. గడప దగ్గర ఆగి, చెయ్యి గోడకి ఆనించి, కాసేపు అలాగే నిలబడింది. పోయి నాన్న మంచం మీద పడుకుంది. చాలా రోజుల తర్వాత పట్టపగలు గాఢంగా నిద్రపోయింది. లేచాక ట్యాంకు మూత వేయించావా అని అడిగింది.

సాయంత్రం అన్న వచ్చాడు. గేటు అవతలే ఆగిపోయాడు. బండి కూడా ఆపలేదు, ఇంజను కొట్టుకుంటూనే ఉంది. బయటికి రండి, దండం పెడతా అన్నాడు. కిటికీలోంచి అమ్మ చూస్తోంది. ఆమె చూపు అన్న మీద లేదు, నా మీద ఉంది. ఏం చెబుతానోనని.

నాకు ఈ నమ్మకాలు లేవన్నాను. ఇరవై ఒకటో శతాబ్దంలో ఇదేం పిచ్చి అన్నాను. శనివారం శనివారం ఉపవాసం ఉండే మనిషిని, పిల్లి ఎదురొస్తే వెనక్కి వచ్చి మంచినీళ్లు తాగి బయల్దేరే మనిషిని, గేటు దగ్గర నిలబడి అన్నకి ఉపన్యాసం ఇచ్చాను. నా మాటలు నాకే ఎబ్బెట్టుగా వినిపించాయి. నిజంగా ధనిష్ఠే అయ్యుంటే ఆ తాళం ముట్టుకునే ధైర్యం నాకు చచ్చినా వచ్చేది కాదు. అన్న నమ్మలేనట్టు చూశాడు. చిన్నప్పటినుంచీ పరీక్షలకి ఒకరి బొట్టు ఒకరం పెట్టుకొని పోయినవాళ్లం. బండి తిప్పుకొని వెళ్లిపోయాడు.

అమ్మ ఆ ఇంట్లో ఉన్న రోజుల గురించి ఎక్కువ రాయలేను. గొప్పగా ఏమీ జరగలేదు. పొద్దున కిటికీ దగ్గర ఎండ పడితే అటు జరిగేది, ఎండ ఎక్కితే ఇటు జరిగేది. రైలు కూత పెడితే అది ఏ బండో చెప్పేది, తప్పు చెప్పేది. ఆడవాళ్లు గద్దె మీదికి తిరిగి రాలేదు. టీచరమ్మ ఒక్కతే గిన్నెలో గంజి పట్టుకొని వచ్చి, పక్కన కూర్చొని, తన ప్రార్థన తాను చేసుకొని వెళ్లేది. అన్న రోజూ ఫోన్ చేసేవాడు, అమ్మతోనే మాట్లాడేవాడు. అన్నం తిన్నావా, మాత్రలు వేసుకున్నావా, బయటికి వచ్చేస్తావా. ఊ, ఊ, ఊహూ. అంతే. ఫోను పెట్టేశాక ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. కొడుకు ఇంటి గేటు దాటకపోవడం ఆమె ప్రాణాన్ని ఎంత కొరుక్కు తిన్నదో నేను చూశాను. ఒక్కసారి అడిగాను, ఇప్పుడైనా చెప్పనా అని. ముఖం తిప్పుకుంది.

గడువు ఇంకా కొద్ది రోజులు ఉందనగా, ఒక పొద్దున, నేను పక్కన కూర్చొని జావ పట్టిస్తుండగా అమ్మ పోయింది. రెండు చెంచాలు మింగింది. మూడోది పెదవుల దగ్గరే ఆగిపోయింది.

అన్న వచ్చాడు. గేటు దాటలేదు. అమ్మను బయటికి తీసుకొస్తేనే చూస్తానన్నాడు. టీచరమ్మ పిలిస్తే వాళ్ల చర్చివాళ్లు నలుగురు వచ్చి, అమ్మను మోసుకొచ్చి, గల్లీలో వేసిన షామియానా కింద పడుకోబెట్టారు. అన్న ఆమె పాదాల మీద తల పెట్టి, నడివయసు మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పంతులుగారు ఫోను చూసి, ఈసారి నక్షత్రంలో ఏ దోషమూ లేదన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. అందరి కళ్లూ మా గేటు మీద, నా మీద ఉన్నాయి. వాళ్ల లెక్క వాళ్లకి తేలిపోయింది. తలుపు తీసింది, ఇంకో ప్రాణం పోయింది.

అంత్యక్రియలయ్యాక అన్న తడిబట్టలతో మళ్లీ గేటు దగ్గరికి వచ్చాడు. ఇంటి గడపమీద దీపం చూసి పోవాలి కదా, దూరం నుంచే చూశాడు. నేను నీళ్ల చెంబు పట్టుకొని ఎదురు వెళ్లాను. అందుకోలేదు.

"కొద్ది రోజులాగితే అయిపోతుండె. నువ్వే తలుపు తీసినవ్. అమ్మను నువ్వే చంపినవ్."

అరవలేదు. చాలా మెల్లగా అన్నాడు, ఎవరికీ వినపడకుండా. అంత కోపంలోనూ గల్లీలో నా పరువు తియ్యకూడదనుకున్నాడు. అందుకే మరీ గట్టిగా తగిలింది.

మాట నా నోటి చివర ఉంది. నాన్న శ్రవణంలో పోయాడు, అన్నా, ఈ ఇంటికి ఏ దోషమూ లేదు అనేస్తే చాలు. నేను బయటపడతాను. అన్న కూడా ఆ భయంలోంచి బయటపడతాడు, గేటు తోసుకొని లోపలికి వస్తాడు. కానీ లోపలికి వచ్చి, ఆ మంచం మీద కూర్చొని, మొట్టమొదట ఏం అడుగుతాడో నాకు తెలుసు. అమ్మ ఇల్లు వదులుకున్నది, రేకుల కింద ఉడికిపోయింది, కొడుకు గేటు బయట నిలబడితే కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నది, అంతా ఆ ఒక్క ప్రశ్న వినకుండా ఉండడానికే. ఇంకా చితి కూడా ఆరలేదు.

చెంబు కింద పెట్టాను. "అట్లనే అనుకో అన్నా" అన్నాను.

ఇప్పటికీ అట్లనే అనుకుంటున్నాడు. తద్దినాలు తన ఫ్లాటులోనే పెడతాడు, నన్ను పిలవడు. పెళ్లిళ్లలో కనబడితే పలకరించకుండా పక్కకు తప్పుకుంటాడు. చుట్టాలు నా వెనక ఏమంటారో నా చెవిన పడుతూనే ఉంటుంది. నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను, ఒక్కదాన్నే. గడువు ఎప్పుడో దాటిపోయింది, శాంతి కూడా చేయించాను. అయినా గేటు దాటి ఎవరూ రారు. బాధ లేదంటే అబద్ధం. ఒక్కోసారి ఫోను చేతిలోకి తీసుకొని, అన్న నంబరు దాకా పోయి, పెట్టేస్తాను. పోయినవాళ్లు మాట పడలేరు, తిరిగి జవాబు చెప్పుకోలేరు. నేనింకా బతికే ఉన్నాను, పడతాను.